దూరపు పరుగుకు ఒళ్లు ఎంత సాగాలి?

బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ 2003 ఏప్రిల్‌లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేశారు. మహిళల మారథాన్‌లో ఆ ప్రపంచ రికార్డును 2019 దాకా ఎవరూ దాటలేకపోయారు. ఆమెను ఏళ్ల తరబడి ల్యాబ్‌లో పరీక్షిస్తూ వచ్చిన వ్యాయామ శాస్త్రవేత్త ఆండ్రూ జోన్స్ 2006లో ఆ కొలతలను ఒక పరిశోధన పత్రంగా వెలువరించారు. శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చెప్పే వీఓటూ మ్యాక్స్ ఆమెలో 1992 నుంచి 2003 దాకా, పదకొండేళ్లలో, పెద్దగా మారలేదు. మారింది ఖర్చు. ఒకే వేగంతో పరుగెత్తడానికి 1992లో కావలసి వచ్చిన ఆక్సిజన్ కంటే 2003 నాటికి సుమారు 15 శాతం తక్కువ సరిపోయింది. నిలుచున్నచోటి నుంచి పైకి ఎగరగలిగే ఎత్తు 1996లో 29 సెంటీమీటర్లు, 2003లో 38. కాళ్లు చాపుకుని కూర్చుని, ముందుకు వంగి చేతులు ఎంత దూరం అందించగలరో చూసే పరీక్షలో మాత్రం ఆమె అంతకుముందు కంటే కొంచెం వెనకబడ్డారు. ప్రపంచంలో అందరికంటే వేగవంతమైన మహిళా మారథానర్‌గా ఎదుగుతున్న కొద్దీ ఆమె ఒళ్లు బిగుసుకుంటూ వచ్చిందన్నమాట.

ఒక్కరి శరీరాన్ని చూసి సూత్రం రాయడం సరికాదు. కానీ పరుగుకు ముందు కాళ్లు సాగదీయకపోతే దెబ్బలు ఖాయమనీ, ఒళ్లు ఎంత బాగా వంగితే అంత మంచి రన్నర్ అనీ కోచ్‌లు, వ్యాయామం టీచర్లు తరాలుగా చెబుతున్న మాటకూ ఈ కొలతలకూ అస్సలు పొసగదు. ఎక్కడ పొసగడం లేదో చూడాలంటే ముందు పరుగులో కాలు చేసే పని తెలియాలి.

పరుగులో ప్రతి అడుగూ ఒక చిన్న గెంతు. గాల్లోంచి దిగే బరువును కాలు ఆపాలి, ఆపిన మరుక్షణం దాన్ని మళ్లీ పైకీ ముందుకూ తోయాలి. ఈ పనంతా కండరాలే సొంతంగా చేయాల్సి వస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఆ భారంలో చాలా భాగాన్ని మోసేవి స్నాయుబంధనాలు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లు. మడమ వెనక వేళ్లతో పట్టుకుంటే తాడులా తగిలే అకిలీస్ టెండన్ వీటిలో పెద్దది. పాదం నేలను తాకగానే అది సాగుతుంది, పాదం లేచేటప్పుడు టప్పున ముడుచుకుని దాచుకున్న శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది. పాదం కింద విల్లులా వంగి ఉండే భాగానిదీ ఇదే పని. 1987లో కెర్, అలెగ్జాండర్ తదితరులు నేచర్ పత్రికలో ఇచ్చిన లెక్క ప్రకారం, 70 కిలోల మనిషి సెకనుకు 4.5 మీటర్ల వేగంతో పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగులో చేతులు మారే శక్తి సుమారు 100 జౌళ్లు. అందులో 35 అకిలీస్ టెండన్‌లో, 17 పాదం వంపులో నిల్వ అవుతాయి. అంటే సగానికి సగం, స్ప్రింగుల సొత్తు.

సాగిపోయిన పాత ఎలాస్టిక్‌ను ఎంత లాగినా అది బిగించి పట్టుకోదు. కాలిలోని స్ప్రింగ్ కూడా వదులైపోతే అంతేనన్నది ఇక్కడి అనుమానం. ఒకే దూరానికి, ఒకే వేగానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే కొలతను రన్నింగ్ ఎకానమీ అంటారు. బండికి మైలేజీ ఎలాగో రన్నర్‌కు ఇది అలాగ. రెండు బండ్ల ఇంజిన్లు సమానమైనా మైలేజీ ఎక్కువున్నది ఎక్కువ దూరం పోతుంది. దూరపు పరుగులో గెలుపోటములను తేల్చేవాటిలో ఇదొకటి. కాబట్టి ఒళ్లు బిగువుగా ఉన్నవాళ్ల మైలేజీ, వదులుగా ఉన్నవాళ్ల మైలేజీ పోల్చి చూడాలన్న ఆలోచన చాలామంది పరిశోధకులకు వచ్చింది.

1990లో గ్లైమ్ బృందం వంద మందికి ఒంటి వంగుడు పరీక్షలు పెట్టి, వాళ్లను ట్రెడ్‌మిల్‌పై నడిపించి, జాగింగ్ చేయించింది. అందరికంటే బిగువుగా ఉన్న మూడో వంతు మందికి ఆక్సిజన్ ఖర్చు అందరికంటే తక్కువని తేలింది. 1996లో క్రెయిబ్, సహచరులు 19 మంది దూరపు పరుగు రన్నర్లను పరీక్షించినప్పుడు చీలమండ తక్కువ వంగేవాళ్లదీ, తుంటి తక్కువ తిరిగేవాళ్లదీ పొదుపైన పరుగుగా కనబడింది. 2002లో జోన్స్ స్వయంగా 34 మంది అంతర్జాతీయ స్థాయి పురుష రన్నర్లను కూర్చోబెట్టి ముందుకు వంగమన్నారు. తక్కువ దూరం వంగినవాళ్ల మైలేజీయే మెరుగ్గా ఉంది.

ఇక్కడితో ఆగిపోతే కథ సులువుగా ముగుస్తుంది: బిగువు మంచిది, సాగదీయడం చెడ్డది. ఇంటర్నెట్‌లో చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు కూడా. ఈ ముగింపులో రెండు చోట్ల లంకె తెగుతోంది.

ఒకటి, కాళ్లు చాపి వంగే పరీక్ష టెండన్ బిగువును కొలవదు. అది కొలిచేది తొడ వెనక కండరాలు, నడుము, తుంటి కలిసి ఎంత దూరం పోనిస్తాయన్నది. చేతుల పొడవు, కాళ్ల పొడవు కూడా ఆ అంకెను మార్చేస్తాయి. అకిలీస్ టెండన్ ఎంత గట్టి స్ప్రింగో తెలుసుకోవాలంటే అల్ట్రాసౌండ్ పెట్టి, బలప్రయోగం చేయిస్తూ అది ఎన్ని మిల్లీమీటర్లు సాగిందో చూడాలి. కాలివేళ్లు అందని మనిషికి అకిలీస్ గట్టిగానే ఉండాలన్న నియమం లేదు. గ్లైమ్ లాంటివాళ్లు చెప్పిన కారణం కూడా కొంచెం వేరు. తుంటి, నడుము దగ్గర కదలిక తక్కువగా ఉంటే ప్రతి అడుగుకూ ఒళ్లు పక్కలకు ఊగకుండా పట్టి ఉంచేందుకు కండరాలు పడే శ్రమ తగ్గుతుందన్నది వాళ్ల ఊహ. ఆ ఊహలో నిజం ఉండే అవకాశం ఉంది. అయినా ఊహ ఊహే.

రెండోది ఇంకా ముఖ్యం. ఏళ్ల తరబడి వారానికి వందేసి కిలోమీటర్లు పరుగెత్తేవాళ్ల కాళ్లు ఎలాగూ బిగుస్తాయి. అన్నేళ్ల పరుగు వాళ్ల మైలేజీనీ పెంచుతుంది. అంటే బిగువు, పొదుపు రెండూ పరుగనే ఒకే తల్లి బిడ్డలు కావచ్చు. ఒకదానికి మరొకటి కారణమని చెప్పాలంటే, కొందరి బిగువును కావాలని మార్చి మైలేజీ ఏమైందో చూడాలి. 2001లో నెల్సన్ బృందం సరిగ్గా ఆ పనే చేసింది. కొందరు విద్యార్థులతో పది వారాల పాటు క్రమంగా కాళ్లు సాగదీయించింది. ఒళ్లు వంగడం మెరుగైంది. రన్నింగ్ ఎకానమీ మాత్రం పెరగలేదు, తగ్గలేదు. అంతకు చాలా ముందే, 1989లో, ఏడుగురు యువకులతో జరిగిన మరో చిన్న ప్రయోగంలో తుంటిని సాగదీశాక ఖర్చు తగ్గినట్టు కూడా కనబడింది. ఏడుగురితో ఏదీ తేలదు గానీ, సాగదీస్తే స్ప్రింగ్ పాడైపోతుందన్న భయానికి ఆధారం ఎంత పలచనో ఈ రెండూ కలిపి చూస్తే తెలుస్తుంది.

అలవాటుగా చేసే స్ట్రెచింగ్ సంగతి ఇది. పరుగుకు నిమిషాల ముందు చేసే స్ట్రెచింగ్ కథ వేరు, అక్కడ సాక్ష్యం కొంచెం బలంగానే ఉంది. 2010లో విల్సన్, సహచరులు శిక్షణ పొందిన పదిమంది రన్నర్లతో ఒక గంట పరుగు పెట్టించారు. మొదటి అరగంట అందరికీ ఒకే స్థాయి శ్రమ, రెండో అరగంటలో ఎవరు ఎంత దూరం పోగలరో పోవాలి. ఒకరోజు ముందుగా 16 నిమిషాలు స్టాటిక్ స్ట్రెచింగ్, అంటే కండరాన్ని లాగి అలాగే పట్టి ఉంచడం. ఇంకోరోజు ఆ సమయమంతా ఊరికే కూర్చోవడం. కూర్చుని వచ్చిన రోజు రెండో అరగంటలో సగటున 6 కిలోమీటర్లు, సాగదీసి వచ్చిన రోజు 5.8. మొదటి అరగంటలో ఖర్చయిన శక్తి కూడా స్ట్రెచింగ్ రోజే ఎక్కువ. ఏమీ చేయకుండా కూర్చోవడమే నయమని తేలడం స్ట్రెచింగ్‌కు మింగుడుపడని ఫలితమే.

కాకపోతే పరుగుకు ముందు 16 నిమిషాలు కదలకుండా కాళ్లు పట్టుకుని కూర్చునే రన్నర్ ఎక్కడున్నాడు? మామూలుగా జరిగేది పిక్కకు ఇరవై సెకన్లు, తొడకు ఇరవై సెకన్లు. వందకు పైగా అధ్యయనాలను బేరీజు వేసి 2016లో బెమ్, బ్లజెవిచ్, కే, మెక్‌హ్యూ రాసిన సమీక్ష ఈ తేడాను బాగా పట్టుకుంది. ఒక్కో కండరాన్ని మొత్తం 60 సెకన్లు, అంతకుమించి పట్టి ఉంచితే ఆ వెంటనే చేసే బలం, గెంతు లాంటి పరీక్షల్లో సగటున 4.6 శాతం నష్టం. 60 సెకన్ల లోపైతే 1.1 శాతమే. ఊపుతూ, కదులుతూ చేసే డైనమిక్ స్ట్రెచింగ్‌తో 1.3 శాతం లాభం. పైగా ఈ పరీక్షల్లో ఎక్కువ భాగం స్ట్రెచింగ్ అయిన కొద్ది నిమిషాల్లోనే పెట్టినవి. తర్వాత కాసేపు మెల్లగా పరుగెత్తి, నాలుగు వేగం అడుగులు వేశాక ఆ కాస్త నష్టం కూడా దాదాపు చెరిగిపోతుంది. రేసు గీత మీద నిలబడి నిమిషాల తరబడి తొడ వెనక భాగాన్ని లాగుతూ ఉండటం మాత్రం చేతులారా చేసుకునే నష్టం.

వేగం సంగతి అలా ఉంచితే, చాలామంది సాగదీసేది వేగం కోసం కాదు, దెబ్బలు తగలకూడదని. స్ట్రెచింగ్‌కు ఉన్న పేరంతా ఈ నమ్మకం మీద నిలబడినదే. తీరా చూస్తే అది బాగా బలహీనంగా ఉన్నదీ ఇక్కడే. 1993లో నెదర్లాండ్స్‌లో వాన్ మెహెలెన్ బృందం 421 మంది సరదా రన్నర్లను రెండుగా విడదీసి, ఒక జట్టుకు వార్మప్, కూల్‌డౌన్, స్ట్రెచింగ్ నేర్పింది. 16 వారాల తర్వాత లెక్క చూస్తే వెయ్యి గంటల పరుగుకు ఆ జట్టులో 5.5 గాయాలు, ఏమీ నేర్పని జట్టులో 4.9. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మందిపై పోప్, హెర్బర్ట్ బృందం చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. సగం మంది 12 వారాల శిక్షణలో ప్రతి వ్యాయామానికీ ముందు ఆరు కాలి కండరాలను 20 సెకన్ల చొప్పున సాగదీశారు. మిగతా సగం మంది సాగదీయలేదు. కాలి గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎవరు గాయపడతారో ముందే చెప్పగలిగినవాటిలో ఒకటి శిక్షణ మొదలైనప్పుడు ఉన్న ఫిట్‌నెస్. దమ్ము తక్కువున్నవాళ్లే ఎక్కువగా మంచం పట్టారు.

మరి ఎందుకు పనిచేయడం లేదు? దూరపు పరుగులో వచ్చే గాయాల తీరు చూస్తే ఇందులో వింతేమీ లేదు. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, కాలి ముందు ఎముక నొప్పి, ఎముకలో సన్నని పగుళ్లు, అకిలీస్ వాపు. ఇవేవీ కండరం దాని హద్దు దాటి సాగినందువల్ల వచ్చేవి కావు. మోయగలిగినదానికంటే ఎక్కువ బరువును, కోలుకునే వ్యవధి ఇవ్వకుండా, వేల అడుగుల పాటు మోపినందువల్ల వచ్చేవి. మామూలు వేగంతో పరుగెత్తేటప్పుడు తుంటి గానీ మోకాలు గానీ చీలమండ గానీ తమ హద్దుల దాకా పోనే పోవు. పొట్టి పరుగుల వాళ్లదీ హర్డిల్స్ దూకేవాళ్లదీ వేరే లోకం. అక్కడ తొడ వెనక కండరం నిండా సాగి ఉన్న క్షణంలోనే బలంగా బిగుసుకోవాలి, తెగేది కూడా అప్పుడే. వాళ్ల వార్మప్ చూసి మారథాన్ రన్నర్లు నేర్చుకున్న అలవాట్లు చాలా ఉన్నాయి.

2014లో లౌర్సెన్, సహచరులు 25 ప్రయోగాలను, 26,610 మందిని కలిపి చూశారు. స్ట్రెచింగ్ వల్ల గాయాలు తగ్గిన జాడ లేదు. బలం పెంచే వ్యాయామాలు చేసినవాళ్లలో గాయాలు మూడో వంతు కంటే తక్కువకు పడిపోయాయి. అన్ని ఆటలూ కలిపి వేసిన లెక్క ఇది, రన్నర్లకు అచ్చంగా ఇంతే వర్తిస్తుందని కాదు. ఐనా మొగ్గు ఎటో తెలుస్తోంది. మర్నాటి ఒళ్లు నొప్పుల సంగతికొస్తే, వైద్య ప్రయోగాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2011 సమీక్ష ప్రకారం వంద పాయింట్ల నొప్పి కొలమానంలో స్ట్రెచింగ్ తగ్గించేది సుమారు ఒకటి నుంచి నాలుగు పాయింట్లు. అంత చిన్న తేడా ఒంటికి తెలియడం కూడా కష్టం.

ఇంత చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. పిక్క పట్టేసినప్పుడు కాస్త లాగితే హాయిగా ఉంటుంది కదా, అది భ్రమా? కాదు. ఆ హాయి నిజమే. ‘పట్టేసింది’ అనగానే కండరం పొట్టిదైపోయిందని అనుకోవడంలోనే పొరపాటు ఉంది. అలసిన కండరం, కొత్త శ్రమకు అలవాటుపడని కండరం కూడా అచ్చం అలాగే అనిపిస్తాయి. కొన్ని వారాల పాటు సాగదీసినవాళ్ల ఒళ్లు ఎక్కువ వంగడానికి కారణం ఏమిటని 2010లో వెప్లర్, మాగ్నుసన్ పరిశీలిస్తే, కండరం పొడవు పెరిగినట్టు గట్టి ఆధారం దొరకలేదు. పెరిగింది ఆ లాగుడును ఓర్చుకునే శక్తి. ముందు ‘ఇక చాలు’ అనిపించిన చోట ఇప్పుడు అనిపించదు, అంతే. రోజూ సాగదీసినా రోజూ మళ్లీ పట్టేసినట్టే ఉందని వాపోయే రన్నర్లకు జవాబు ఇందులో ఉంది. వాళ్ల పిక్కకు కావలసింది ఇంకో అంగుళం పొడవు కాకపోవచ్చు. వారానికి కొన్ని కిలోమీటర్లు తగ్గించడమో, ఆ పిక్కకు బలం పెంచడమో అసలు అవసరం కావచ్చు.

సాగదీయక తప్పనివాళ్లూ ఉన్నారు. బెణికి మానాక చీలమండ మునుపటిలా వంగనివాళ్లు, నెలల పాటు కట్టులో ఉన్న కాలు, కాలిని వెనక్కి సరిగా చాపలేనంతగా తుంటి ముందు భాగం బిగుసుకుపోయినవాళ్లు. పరుగుకు కావలసిన కదలికే లేనప్పుడు దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. పొద్దున లేవగానే మొదటి అడుగుకు మడమ కింద గుచ్చినట్టుండే ప్లాంటర్ ఫాసియైటిస్‌లో కాలివేళ్లను వెనక్కి లాగి పాదం అడుగుభాగాన్ని సాగదీయడం ఉపశమనం ఇస్తుంది. అదే సలహా నాలుగంగుళాల పైన తిరగబడవచ్చు. అకిలీస్ టెండన్ మడమ ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉన్నవాళ్లు పిక్కను గట్టిగా సాగదీస్తే ఆ టెండన్ ఎముకకేసి నొక్కుకుని నొప్పి ముదురుతుంది. పిరుదు కింద, తొడ వెనక కండరం మొదలయ్యే చోట నొప్పికీ ఇదే సంగతి. అది పట్టేసినట్టే అనిపిస్తుంది, లాగాలనే అనిపిస్తుంది, లాగిన ప్రతిసారీ మానేది కాస్తా మళ్లీ రేగుతుంది. కాబట్టి నొప్పి ఎక్కడుందో తేల్చుకోకుండా సాగదీయడం మొదలుపెట్టకూడదు.

ఏళ్లుగా సాగదీస్తున్నవాళ్లు ఇవన్నీ చదివి రేపటి నుంచే మానేయాలా అంటే, అదీ తొందరపాటే. అమెరికా ట్రాక్ అండ్ ఫీల్డ్ సంస్థ 2,729 మంది సరదా రన్నర్లతో మూడు నెలల ప్రయోగం చేయించింది. పరుగుకు ముందు సాగదీసిన జట్టులోనూ, సాగదీయని జట్టులోనూ గాయపడినవాళ్లు దాదాపు 16 శాతమే. ఐతే చీటీ వేసి జట్లు విడదీసినప్పుడు కొందరు పాత అలవాటు మార్చుకోవాల్సి వచ్చింది. అంతకుముందు రోజూ సాగదీస్తూ ఉండి ఒక్కసారిగా మానేసినవాళ్లలో గాయాలు ఎక్కువయ్యాయి. స్ట్రెచింగ్ కాపాడుతోందని దీనికి అర్థం చెప్పుకుంటే తొందరపడినట్టే. ఒళ్లు ఏదో ఒక పద్ధతికి అలవాటు పడి ఉంటుంది, దాన్ని హఠాత్తుగా తీసేస్తే సర్దుకోవడానికి సమయం పడుతుంది. షూ మార్చినా, మైళ్లు పెంచినా జరిగేది ఇదే.

పరుగుకు ముందు ఒంటిని వేడెక్కించే పనికి స్టాటిక్ స్ట్రెచింగ్ ఎలాగూ సరిపోదు. కదలకుండా పట్టి ఉంచిన కండరంలో వేడి పుట్టదు. పది నిమిషాల తేలిక జాగింగ్, కాళ్లు ముందుకు వెనక్కి ఊపడం, పెద్ద అంగలతో వంగి నడవడం, చివర్లో వేగం పెంచుతూ మూడు నాలుగు చిన్న పరుగులు. ఈ మాత్రం చాలు. నెమ్మదైన పరుగుకు ఇవి కూడా అక్కర్లేదు, మొదటి రెండు కిలోమీటర్లను మెల్లగా పరుగెత్తితే అదే వార్మప్.

మిగిలిన సమయాన్ని దేనికి పెట్టాలన్నది అసలు ప్రశ్న. 2013లో ఆల్‌బ్రాక్ట్, అరంపాట్జిస్ కొందరు రన్నర్లతో పిక్క కండరాలను బలంగా బిగించి పట్టే వ్యాయామాన్ని 14 వారాలు చేయించారు. అకిలీస్ బిగువు పెరిగింది, ఆక్సిజన్ ఖర్చు సుమారు 4 శాతం తగ్గింది. నెల్సన్ ప్రయోగంలో పది వారాల సాగదీత మార్చలేని అంకెను ఇక్కడ బలం పెంచే వ్యాయామం మార్చింది. ఈ పనికి ప్రయోగశాల యంత్రాలే కావాలని లేదు. మెట్టు అంచున మునిపాదాలు ఆన్చి మడమలు ఎత్తి, మెల్లగా మెట్టు కిందికి దించే వ్యాయామం ఉంది. 1998లో ఆల్ఫ్రెడ్‌సన్ దీన్ని అకిలీస్ మధ్యభాగంలో దీర్ఘకాలిక నొప్పి ఉన్న 15 మంది సరదా క్రీడాకారులతో 12 వారాల పాటు రోజుకు రెండు పూటలా చేయించగా, వాళ్లంతా మళ్లీ పరుగెత్తగలిగారు. మడమ మెట్టు కన్నా కిందికి దిగే ఆ రెండు మూడు సెకన్లలో పిక్క నిండుగా సాగుతుంది కూడా, ఒంటి బరువంతా మోస్తూనే.